పాత లోగిలి ఏల అమ్ముడుపోదు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో కావ్యమును గూర్చియో పురాణమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. అట్టిచో అమ్మకమునకు పెట్టిన యింటిని గూర్చి మాటలాడుట కొందఱకు వింతగా తోపవచ్చును. కాని హిమాయత్ సాగరు చుట్టుప్రక్కల పల్లెలలో ఇది ఇంటింటి ముచ్చట. సెలవు దినములలో సాగరపు కట్టను చూడవచ్చిన నగరవాసులు ఊరిలోనికి వచ్చి పాతకాలపు లోగిలి యెదుట నిలుచుందురు. చెక్కడపు ద్వారబంధమును, అరుగుమీది టేకు స్తంభములను, మండువాలో పడు వెలుతురును చూచి మెచ్చుకొందురు, ఫోటోలు తీసికొందురు. ఇల్లు అమ్మకమునకున్నదని తెలిసినచో ధర అడుగుదురు, పిదప కాగితములు అడుగుదురు, పిదప మరల వచ్చెదమని వెడలిపోదురు. మరల వచ్చువారు అరుదు. ఇల్లు అందమైనది, చూచువారికి ఆశ కలదు, యజమానికి అమ్మవలెనని కలదు. ఇన్ని యుండియు బేరము ఏల కుదురదు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. శూద్రకుని మృచ్ఛకటికమున మూడవ అంకములో శర్విలకుడను దొంగ చారుదత్తుని యింటికి కన్నము వేయును. ఇంటి పెద్దరికము చూచి లోపల ధనముండునని అతని నమ్మకము. తీరా చూడగా మద్దెలలు, వేణువులు, వీణ, పుస్తకములు కనబడును. ఇల్లు గొప్పదే గాని ఇంటివాడు పేదవాడు. కడపట దొరకిన నగలమూట సైతము ఇంటివానిది కాదు. వసంతసేన దాచుమని ఇచ్చినది. నేటి కొనుగోలుదారు దొంగ కాడు, దొరయే. ఐనను వెలుపలి అందమును నమ్మి లోనికి వచ్చినవానికి, లోపలనున్నది ఇంటివాని దొక్కనిదే కాదని తెలియుటలో ఇరువురి యనుభవమును ఒక్కటే.

అమ్మకమునకు అడ్డువచ్చు కారణములలో మొదటిది ఇదియే. ఇల్లు ఒకటి, యజమానులు పలువురు. లోగిలిని కట్టించిన పెద్ద ఒక్కడు. ఆయనకు నలుగురు బిడ్డలు, వారిలో ఒక్కొక్కరికి నలుగురు, వారికిని నలుగురేసి యనుకొన్నచో మూడవ తరమునకు అఱువది నాలుగు చేవ్రాళ్లు కావలెను. ఒకరు శంషాబాదులో, ఒకరు షోలాపురములో, ఒకరు అమెరికాలో నుందురు. ఒకరికి డబ్బు తొందర, ఒకరికి పుట్టినిల్లన్న మమకారము, ఒకరికి అన్నపైన అలుక. కూతుండ్రకు పెండ్లిలో ఇచ్చితిమి గదా యను మాట ఇప్పుడు చెల్లదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి సొంత యాస్తిలో కూతునకు కొడుకుతో సమానముగ వాటా నిచ్చినది. 2005 సవరణ ఉమ్మడి పిత్రార్జితమునందును ఆమెకు పుట్టుకతోడి హక్కును కలిగించినది. ముస్లిము కుటుంబములలో కూతునకు, భార్యకు, తల్లికి వాటాలు మొదటినుండియు ధర్మశాస్త్రవిహితములు. ఇది న్యాయమే, కాని ఒక్క ఆడపడుచు చేవ్రాలు లేని దస్తావేజును తెలిసిన కొనుగోలుదారు ముట్టడు.

పోనీ, ఒక్కని వాటాయే కొందమన్నచో అందును చిక్కు కలదు. ఆస్తి బదలాయింపు చట్టము 44వ సెక్షను ప్రకారము, ఉమ్మడి కుటుంబపు నివాస గృహములో వాటా కొన్న పరాయివానికి ఆ యింట కలిసి కాపురముండు హక్కు లేదు. అతడు విభాగము కోరి కోర్టు కెక్కినచో, 1893 నాటి విభాగ చట్టము 4వ సెక్షను ననుసరించి, ఆ వాటాను కోర్టు కట్టిన వెలకు తామే కొందుమని కుటుంబీకులు అడుగవచ్చును. హిందూ వారసత్వ చట్టము 22వ సెక్షను తోడి వారసులకు కొనుటలో ముందు హక్కు నిచ్చుచున్నది. ఇస్లాము ధర్మమున షుఫా యను హక్కు వాటాదారునకును పొరుగువానికిని కలదు. ఈ భావము మన దేశమున మిక్కిలి పాతది. కౌటిల్యుడు అర్థశాస్త్రము మూడవ అధికరణమున వాస్తు విక్రయమును గూర్చి చెప్పుచు, మొదట జ్ఞాతులు, పిదప పొరుగువారు, ఆ పిదప ధనికులు, వారెవ్వరును కొననిచో బయటివారు కొనవలెనని క్రమము పెట్టెను. ఇంటి యెదుట, ఇరుగుపొరుగు వారి సమక్షమున, ఈ వెలకు కొనువారెవరని ముమ్మారు చాటవలెను; అడ్డు చెప్పువారు లేనిచో బేరము సాగును. ముమ్మారు చాటుట యనగా ఆక్షేపణలన్నియు బేరమునకు ముందే బయట పడవలెనని. నేడు ధర ముందు చాటుదుము. ఆక్షేపణ బయానా ఇచ్చిన పిదప పుట్టును.

రెండవ కారణము కాగితము. పొలమునకు పహాణీ కలదు, పట్టాదారు పుస్తకము కలదు, సర్వే నంబరు కలదు. లోగిలి యున్నది గ్రామకంఠమునందు. అచట ఇంటింటికి వేఱు సర్వే నంబరు లేదు. చాలమంది చేతనున్నవి పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు మాత్రమే. పన్ను కట్టుట అనుభవమునకు సాక్ష్యమగును గాని తనంతట హక్కు పత్రము కాదు. తాతలనాడు తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదాబైనామా యింటి పెట్టెలో భద్రముగ నుండవచ్చును. నూఱు రూపాయలకు తక్కువ గాని వెలగల స్థిరాస్తి అమ్మకమునకు రిజిస్ట్రేషను తప్పదని చట్టము. 2016లోను, 2020లోను ప్రభుత్వము సాదాబైనామాలను క్రమబద్ధము చేయుటకు దరఖాస్తులు కోరినది. అది సాగుభూముల మాట, ఇండ్ల మాట కాదు. పాతయింటికి అనుమతి పొందిన ప్లాను ఉండదు, గొలుసు దస్తావేజులు ఉండవు. అందుచేత బ్యాంకు అప్పిచ్చుటకు వెనుకాడును. అప్పు దొరకనిచో రొక్కము గలవాడే కొనవలెను. కొనగలవారి సంఖ్య ఇచ్చటనే మూడు వంతులు తగ్గిపోవును.

మూడవ కారణము ఇంటిలోనే యున్నది. మండువాలో వెన్నెల పడును, వానయు పడును. గూనపెంకులు ఏటేట తొలకరికి ముందు సర్దించవలెను. కోతులు త్రొక్కినచో రెండుమార్లు. పెంకు పరచుట తెలిసినవాడు దొరకుట కష్టము. డంగుసున్నపు గోడకు సిమెంటు పూసినచో గోడలోని చెమ్మ బయటికి పోక, పూత ఉబ్బి రాలిపోవును. ఈ సంగతి తెలియక బాగుచేయించినవారు ఇంటిని మఱింత చెఱచినారు. దూలములకు చెద భయము. స్నానపు గది పెరటిలో. ముసలివారికి రాత్రివేళ అది దూరము. అరలు చీకటి, గడపలు ఎత్తు, సందు ఇరుకు, కారు వాకిటికి రాదు. చూడవచ్చినవాడు అరుగును చూచి మురియును. వెంట వచ్చిన ఇల్లాలు వంటయింటిని, స్నానపు గదిని, నీటి వసతిని చూచును. ఆమె చూపులో తప్పు లేదు. కాపురము చేయవలసినది ఆమె.

నాలుగవ కారణము భూమి. ఇది మన ప్రాంతమునకు విశేషము. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాపై మూసీమీద ఉస్మాన్ సాగరు, ఈసీమీద హిమాయత్ సాగరు కట్టబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. ఈ నీటిని కాపాడుటకై 1996 మార్చి 8న 111వ ప్రభుత్వోత్తరువు వెలువడినది. రెండు జలాశయముల పూర్తి నీటిమట్టము నుండి పది కిలోమీటర్ల వఱకు, 84 గ్రామములలో, కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను అది నిషేధించినది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱువబడినది. ఒక ప్రక్క ధరకు రెక్కలు వచ్చినవి, మఱియొక ప్రక్క కట్టడమునకు సంకెల యున్నది. 2022 ఏప్రిలులో 69వ ఉత్తరువు వచ్చినది. 2023 మే నెలలో 111ను రద్దు చేయ నిశ్చయించినట్లు మంత్రివర్గము ప్రకటించినది. 2024 జూలైలో హైడ్రా యేర్పడి, చెరువు శిఖములలోని కట్టడములను తొలగింప మొదలిడినది.

ఈ మార్పుల నడుమ కొనుగోలుదారు ఇంటి అందమును లెక్కింపడు. దానిని పడగొట్టి ఏమి కట్టవచ్చునో లెక్కించును. ఆ లెక్క తేలక ఆగును. అమ్మువాడు శంషాబాదు రహదారి ధరను తలచి రేపు పెరుగునని ఆగును. ఇరువురును ఆగియుండగా వాన మాత్రము ఆగదు. భూమిని కొనదలచినవానికి ఇల్లు విలువ కాదు, శిథిలములను ఎత్తివేయు ఖర్చు. ఇంటిని కొనదలచినవానికి భూమి ధర అందదు. లోగిలి ఈ రెంటి నడుమ చిక్కుకొన్నది. నగరమున పురాతన కట్టడముల పట్టిక యొకటి 1995 నుండి యుండి, వానిని పడగొట్టకుండ కొంత అడ్డు కలిగినది. పల్లెలోని లోగిలికి అట్టి పట్టిక లేదు. పడగొట్టరాదను వారును లేరు, నిలుపుకొమ్మని చేయూత నిచ్చువారును లేరు.

ఇంటిని కొనువాడు రాకున్నను ద్వారమును కొనువాడు వచ్చును. పాత కలప వర్తకుడు వాటాల మాట అడుగడు, దస్తావేజు అడుగడు, ప్లాను అడుగడు. స్తంభమునకు ఇంత, దర్వాజకు ఇంత, దూలమునకు ఇంత యని రొక్కము లెక్కించును. పదేండ్లుగా అఱువది నలుగురు కుదుర్చుకొనలేని బేరము ఒక్క పూటలో ముగియును. పల్లె లోగిళ్ల స్తంభములు నగరపు హోటళ్లలోను, తోట బంగళాలలోను అలంకారములై నిలుచుచున్నవి. నిలువునా అమ్ముడుపోని యిల్లు తునుకలుగా అమ్ముడుపోవుచున్నది. స్తంభములు తీసిన యింటి కప్పు రెండవ వానకు కూలును. తరువాత మిగులునది ఖాళీ స్థలము. దానికిని వాటాల తగవు పోదు.

ఇది పేదయింటి మాటయే కాదు. సాగరమునకు తూర్పున కొద్ది క్రోసుల దూరమున కొండమీద ఫలక్‌నుమా భవనము కలదు. పాయెగా వంశీయుడు వికారుల్ ఉమరా 1884లో దానిని కట్టింప నారంభించెను. సుమారు పదేండ్లకు పూర్తియైనది. ఆ వ్యయము ఆయనను అప్పుల పాలు చేసినది. అంతటి భవనమును కొనగలవాడు రాజ్యమున ఒక్కడే. పందొమ్మిదవ శతాబ్ది ముగియకముందే ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని తీసికొనెను. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు గారు అచట బస చేసిరి. తరువాత అది దశాబ్దములు మూతపడియున్నది. తుదకు దానిని నిలిపినది అమ్మకము కాదు, కౌలు. తాజ్ హోటళ్ల సంస్థ కౌలుకు తీసికొని, దాదాపు పదేండ్లు బాగుచేయించి, 2010 నవంబరులో హోటలుగా తెఱచినది. పల్లె లోగిలి ఫలక్‌నుమా కాదు. ఐనను అందలి నీతి చిన్న యింటికిని వర్తించును. ఇల్లు నిలుచుటకు కొనువాడే కావలెనని లేదు, వాడుకొనువాడున్నను చాలును.

కావున అమ్మదలచినవారు ధరకంటె ముందు నాలుగు పనులు చక్కబెట్టుకొనుట మేలు. వారసుల వంశవృక్షము వ్రాసి, అందఱితో మాటలాడి, ఒప్పందమును రిజిస్టరు చేయించవలెను. పెద్దవారు జీవించియుండగా నాలుగు చేవ్రాళ్లతో ముగియు పని, వారి వెనుక అఱువది నాలుగు కోరును. పన్ను రసీదులు, పాత పత్రములు, పంచాయతీ రిజిస్టరు నకళ్లు ఒకచోట చేర్చి న్యాయవాదికి చూపవలెను. స్థలమునకును, చెరువు శిఖమునకును గల దూరమును అధికారుల పటములో చూచుకొని ఆ కాగితమును దగ్గఱ నుంచుకొనవలెను. పెట్టెలో డబ్బున్నను లేకున్నను కప్పును మాత్రము తొలకరికి ముందు బాగుచేయించవలెను. కప్పు చెడిన యిల్లు గోడ చెడినదానికంటె వేగముగ పోవును. ఇన్ని చేసియు కొనువాడు రానిచో, బడికో, వైద్యశాలకో, మగ్గమునకో, గ్రంథాలయమునకో కౌలుకిచ్చుట తక్కువతనము కాదు. దీపము వెలుగు ఇంటికి చెద తొందరగ పట్టదని పెద్దలు చెప్పుట వట్టిమాట కాదు. మనుష్యులు తిరుగు ఇంట చెమ్మను, చెదను, కారును నాడే కనిపెట్టువారుందురు.

స్తంభములను అమ్మదలచిన కుటుంబములు ఒక్క వానకాలము ఆగి, ఒక్కమారు వాటాదారులందఱు ఆ మండువాలోనే కూర్చుండి మాటలాడుకొందురు గాక. అట్లు కూర్చుండుటకే పెద్దలు మండువాను నడుమ కట్టించిరి.

గ్రంథాలయము వర్ధిల్లుగాక. స్వస్తి.