దిద్దుబాటు, సవరణ, రద్దు



కార్యాలయపు కాగితములలో కరెక్షన్, రెక్టిఫికేషన్, అమెండ్‌మెంట్ అను మాటలు తరచు కనిపించును. మూడింటిని మనము సవరణ యనియే అందుము. కాని అవి వేరువేరు.

ఓటర్ల జాబితాలో తప్పుపడిన పేరును దిద్దించుట కరెక్షన్. దస్తావేజులో సర్వే నంబరు పొరబాటున మారినచో, ఉభయులును కలసి మరల వ్రాసి రిజిష్టరు చేయించునది రెక్టిఫికేషన్. చట్టమునే మార్చుట అమెండ్‌మెంట్. పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి నొసగిన 1992 నాటి 73వ సవరణ యట్టిదే.

కొన్ని తప్పులు దిద్దుటతో తీరవు. మన సోంపేట బీల చిత్తడినేల. దానిని బంజరని పేర్కొని పొందిన థర్మల్ కేంద్రపు పర్యావరణ అనుమతిని 2010 జూలై 14న జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దుచేసెను. అచట దిద్దుబాటు కోరినచో అనుమతి నిలిచియే యుండెడిది.

కావున అర్జీ వ్రాయుటకు ముందు, తప్పు అక్షరములో నున్నదో, ఒప్పందములో నున్నదో, నిర్ణయములోనే యున్నదో విచారించి, తగిన మాటతో కోరుడు.