తువాలు కట్టుకున్న గురువు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

క్రైస్తవంలో సేవను గురించి రెండు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పాస్టరును కాను. లెక్కలు సరిచూసే గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

యేసుప్రభువు తన మరణానికి ముందురాత్రి భోజనం దగ్గర లేచి, పైవస్త్రం తీసి, నడుముకు తువాలు కట్టుకుని, శిష్యుల కాళ్ళు కడిగాడని యోహాను సువార్త 13వ అధ్యాయంలో ఉన్నది. ఇంటికి వచ్చినవారికి కాళ్ళకు నీళ్ళివ్వడం మనకు కొత్త కాదు. పెళ్ళిలో మామగారు అల్లుడి కాళ్ళు కడుగుతారు. అయితే మన దగ్గర కడిగించుకునేవాడిది పైచేయి. ఇక్కడ గురువే పళ్ళెం పట్టుకుని కింద కూర్చున్నాడు. ఆ రాత్రే శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదులాడుకున్నారని లూకా రాశాడు. మన సీనియారిటీ లిస్టు తగాదాలు ఈనాటివి కావన్నమాట!

మన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి మీలో చాలామందికి తెలుసు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చారు. ఆమె వైద్యం చదివిన మనిషి. కాని పంపిన సంస్థ అప్పటికి వైద్యసేవకు సిద్ధంగా లేదు. స్త్రీలకు బోధించే పని అప్పగించింది. ఆమె అలిగి తిరిగి వెళ్ళలేదు. ఇచ్చిన పని చేస్తూనే, పురుష వైద్యుడి ముందుకు రాలేని ఆడవాళ్ళకు మందులిచ్చారు. ఆసుపత్రి 1898లో గాని తెరవలేదు. లెక్క వేయండి, పదిహేనేళ్ళు! ఏలూరు రాజావారి కుటుంబం కృతజ్ఞతతో అక్కడ రోగుల బంధువులకు సత్రం కట్టించింది. 1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు.

ఇంత పెద్దవారి కథ చెప్పి నా కథ చెప్పడం సాహసమే. అయినా చెప్పాలి.

నేను పనిచేసిన ఆఫీసులో ఒక అటెండరు చనిపోతే, ఆయన భార్య కుటుంబ పెన్షను కోసం వచ్చింది. ఒక కాగితంలో ఆమె పేరు ఒక రకంగా, మరో కాగితంలో మరో రకంగా ఉన్నది. అబ్జెక్షను రాసి తిప్పి పంపాను. మూడుసార్లు పంపాను. రూలు ప్రకారం నాది తప్పు కాదు. కాని ఏ కాగితం తెస్తే సరిపోతుందో ఒక్కసారి కూడా విప్పి చెప్పలేదు. నా బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉండేది, ఆమె నిలబడే ఉండేది. ఆ ఏడు కూడా శుభ శుక్రవారం ముందురోజు గుడిలో ముందు వరుసలో కూర్చుని కాళ్ళు కడిగిన ప్రసంగం విన్నాను. బాగా చెప్పారని పాస్టరుగారిని మెచ్చుకున్నాను కూడా.

రిటైరయిన రెండో ఏట మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఆమెను శుభ్రం చేయడానికి ఒక ఆయా వచ్చేది. నేను ముక్కు మూసుకుని గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. ఒకరోజు ఆమె, "అయ్యగారూ, ఈ బేసిను కాస్త పట్టుకోండి, ఒక్కదాన్ని తిప్పలేకపోతున్నా" అన్నది. పట్టుకున్నాను. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆవిడకు నేను చేసిన మొదటి చాకిరీ అదే. ఆమె సిగ్గుతో, వద్దండీ, మీరెందుకు అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పేతురు కూడా అలాగే వద్దన్నాడు కదా! చేయించుకోవడానికి కూడా ఎంత తగ్గాలో ఆనాడు తెలిసింది. దేవుని దయవల్ల ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నది.

తరువాత ఆ అటెండరు భార్యను వెతుక్కుంటూ వెళ్ళాను. ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరకు వెళ్ళారట. పెన్షను మాత్రం నా తరువాత వచ్చిన కుర్రవాడు నెలలోపే మంజూరు చేయించాడట. ఏ ఊరు వెళ్ళారో పక్కింటివారికి తెలియదు. చెప్పవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది.

ప్రతి మంగళవారం పది గంటల నుంచి మన సంఘం గదిలో ఉంటాను. కుటుంబ పెన్షను కాగితాలు, లైఫ్ సర్టిఫికెట్లు ఏవైనా రాసిపెడతాను. మన దివంగత సభ్యుల ఇళ్ళలో ఆడవాళ్ళకు దయచేసి ఈ కబురు చెప్పండి. పాస్ బుక్కు జిరాక్సు తెచ్చుకోమనండి. పేరులో తేడా ఉన్నా రమ్మనండి. కుర్చీలు రెండు వేయించాను.