కలివికోడికి ఎన్ని పొదలు కావాలి?

పట్టాలు అందుకున్న విద్యార్థులారా!

ఇలాంటి వేదిక ఎక్కిన అతిథులు పిల్లలకు ఆకాశాన్ని చూపించడం ఆనవాయితీ. నేను కడప జిల్లా ముళ్లపొదలను చూపిస్తాను. మీరు చదివింది జీవశాస్త్రమైనా, సివిల్ ఇంజినీరింగ్ అయినా, ఏదో ఒకరోజు ఈ పొదలతో మీకు పని పడుతుంది.

ఆ పొదల్లో కలివికోడి అనే పిట్ట ఉంటుంది. పొడవు జానెడుకు కొంచెం ఎక్కువ. రెక్కలున్నా పరుగెత్తడానికే ఇష్టపడుతుంది. పగలు పొదల నీడన ఒదిగి ఉండి, చీకటిపడ్డాక చెదలు, చీమల కోసం తిరుగుతుంది. 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది. 1900 తర్వాత దశాబ్దాల పాటు పక్షిశాస్త్రజ్ఞులెవరికీ కనబడలేదు. ఇక లేదనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాని బొమ్మలు పట్టుకుని పల్లెల్లో వాకబు చేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతంలో పిట్టలు పట్టే ఒకాయన రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. అది ఎక్కువ రోజులు బతకలేదు. కానీ ఆ జాతి బతికే ఉందని శాస్త్రవేత్త భరత్ భూషణ్ ద్వారా ప్రపంచానికి తెలిసింది. అంతరించిందని మన పుస్తకాలు రాసుకున్నాయి గానీ, రాత్రిళ్లు ఆ అడవిలో తిరిగే వాళ్లకు ఆ కబురు అందలేదు!

తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా కొంత మారింది. 2005లో మళ్లీ కాలువ తవ్వకం ఆ పిట్ట తిరిగే పొదల్లోకే వచ్చింది. పనులు ఆపి, ఇంకో దారి వెతకాల్సి వచ్చింది. కాలువను ఇక్కడ దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. సీమలో నీటి విలువ ఏమిటో నాకెవరూ చెప్పనక్కర్లేదు. నా ప్రశ్న వేరు. కాలువ గీత గీసిన రోజున ఆ గీత కింద ఏముందో ఎందుకు చూడలేదు? చూసి ఉంటే తవ్వకం మొదలుపెట్టి ఆపే అవస్థ తప్పేది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది ఇంకొకటుంది. ఈ పిట్ట కంటపడదు. కాబట్టి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారి దాని మీద పడ్డ అడుగుజాడలు చదివారు. హెక్టారుకు రెండు మీటర్లకు మించిన పొదలు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోటే అది ఎక్కువగా తిరుగుతుందని తేలింది. పొదలు పలచబడితే దాక్కునే చోటుండదు. మరీ చిక్కబడితే పరుగెత్తే నేల ఉండదు. అంటే ఆ అడవిని నరికినా దానికి ముప్పే, మనం పుణ్యం కట్టుకుందామని వరసగా మొక్కలు నాటినా ముప్పే. పచ్చగా కనబడితే చాలు, పర్యావరణం బాగున్నట్టేనని నమ్మే వాళ్లకు ఇది మింగుడుపడదు.

మరి పొదలను ఆ మోతాదులో ఉంచేదెవరు? కొంతవరకు మేకలు, వాటి కాపరులు, వంటచెరకు కొట్టుకునే ఆడవాళ్లు. మేత పెరిగితే నేల బోడిబారుతుంది. కంచె వేసి మేతను పూర్తిగా మాన్పిస్తే పొదలు చిక్కబడి మూసుకుపోతాయి. అక్కడి జీవావరణంలో మనిషి కూడా ఒక జీవే. అతను ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు, ఎంత వాడుతున్నాడన్నదే చూడాలి. పొదలు చదును చేసి నిమ్మతోట వేస్తే మాత్రం ఆ లెక్క తిరిగి రాదు. చెట్లుంటాయి, కానీ కలివికోడి ఉండదు.

కలివికోడి ఇప్పటికీ ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల్లో ఒకటి. 1986 తర్వాత రూఢిగా దొరికిన ఆధారాలు దాదాపు అన్నీ ఆ అభయారణ్యం ఉన్న లంకమల పరిసరాలవే. ఒక జాతి మొత్తం అంత చిన్న చోట ఒదిగి ఉంటే, ఒక కాలువ గానీ, ఒక క్వారీ గానీ, ఒకే ఒక్క తప్పు సంతకం గానీ చాలు, పని ముగిసిపోతుంది.

ఆ సంతకాలు ఇక ముందు మీవే. మీలో కొందరు సర్వేయర్లవుతారు, కొందరు తహసీల్దార్లవుతారు, ఇంకొందరు కాంట్రాక్టర్లవుతారు. సాగుకు పనికిరాదని కాగితం మీద రాసి ఉన్న ప్రతి నేలనూ ఖాళీ అనుకోకండి. ఫైలు కదిలించే ముందు ఒక రాత్రి ఆ నేల మీద ఉండి చూడండి. ఆ ఊరి మేకల కాపరిని పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రిళ్లు ఇక్కడ ఏం తిరుగుతాయో అడగండి. ఆయన చెప్పింది నివేదికలో రాసిన తర్వాతే కలం కింద పెట్టండి.