కళాశాలవారి కబురు విద్యార్థికి ముట్టుట యెట్లు?

(వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



నేటి కళాశాలలు సామాజిక మాధ్యమముల మూలమున విద్యార్థులతో నెట్లు వ్యవహరించుచున్నవో, అందలి మేలుకీడు లెట్టివో ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. సంస్కృతము చదివి, బడిలో బలపము పట్టి, ఉద్యోగవిరమణము చేసిన వృద్ధునకు ఈ విషయముతో నేమి పని యని కొందరనుకొనవచ్చును. కాని కబురు పంపుట, అందుకొనుట, అర్థము చేసికొనుట యనునవి భాషతోపాటు పుట్టిన వ్యవహారములు. పరికరము క్రొత్తదైనను, విచారింపవలసిన ప్రశ్న ప్రాచీనమైనదే.

ఈ విషయము మన సభకు తగినదే యనుటకు కారణము గలదు. సాంచెల చప్పుడు నడుమ పెరిగిన మన బిడ్డలు నేడు కళాశాలల మెట్లెక్కుచున్నారు. సిరిసిల్ల ప్రక్కన అగ్రహారమున ప్రభుత్వ డిగ్రీ కళాశాల యున్నది. 2021లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ఇంజనీరింగు కళాశాలయు, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలయు మన జిల్లాకు వచ్చినవి. జగిత్యాల ప్రాంతమున నాచుపల్లియందు ఇంజనీరింగు కళాశాలయు, కోరుట్లయందు పశువైద్య కళాశాలయు గలవు. మన డిగ్రీ కళాశాలలకు పెద్దదిక్కయిన శాతవాహన విశ్వవిద్యాలయము 2008లో కరీంనగరమున వెలసినది. ఒకప్పుడు కండెలు చుట్టుటతో బాల్యము గడిపిన తల్లుల కుమార్తెలు నేడు ఈ విద్యాలయములలో చదువుచున్నారనిన మన కంతకంటె సంతోష మేమున్నది? వారి చదువు ఒక కబురు అందకపోవుటవలన చెడరాదనియే నా తాపత్రయము.

పూర్వము కళాశాలవారు చెప్పదలచినది కాగితముపై వ్రాసి ప్రకటనల పలకకు అంటించెడివారు. ప్యూను సర్క్యులరు పుస్తకము పట్టుకొని తరగతి తరగతికి తిరుగగా, అధ్యాపకుడు దానిని చదివి వినిపించి సంతకము చేసెడివాడు. అవసరమైనచో తండ్రిపేర కార్డుముక్క పోవుచుండెను. ఆ పద్ధతి మందమైనదే గాని, ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, ఎవరు వినిరి యను మూడింటికిని దానియందు ఆనవాలుండెను.

ఇప్పుడు ఆ పని చాలవరకు సెల్‌ఫోనుపై బడినది. సామాజిక మాధ్యమములకును కళాశాలలకును పుట్టుకనుండియు సంబంధ మున్నది. ఫేస్‌బుక్కు 2004లో హార్వర్డు విశ్వవిద్యాలయములో నొక విద్యార్థి తోడి విద్యార్థులకొరకు మొదలిడినదే. 2006లో గాని అది సర్వజనులకు తెరువబడలేదు. వాట్సాపు 2009లో వచ్చెను. 2016లో అందలి యొక గ్రూపున 256 మందికి చోటుండగా, 2022లో ఆ సంఖ్య 1024 అయ్యెను. అనగా నొక చిన్న కళాశాల యంతయు నొకే గ్రూపులో నిముడును. ఆ 2016లోనే మన రాష్ట్రమున డిగ్రీ ప్రవేశములు దోస్తు అను ఆన్‌లైను పద్ధతిలోనికి మారెను. ఆ సంవత్సరమే అంతర్జాలము చౌకయై సామాన్యుని చేతికి వచ్చెను. పిమ్మట 2020లో కరోనా మహమ్మారి విద్యాలయముల తలుపులు మూయించెను. ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల మూలమున పిల్లలకు పాఠములు చెప్పబడెను. అదివరకు అలంకారమాత్రముగా నున్న ఫోను నాటినుండి విద్యకు అత్యవసరమయ్యెను. తలుపులు మరల తెరచుకొన్నను, గ్రూపులు మాత్రము నిలిచిపోయినవి.

నేడు కళాశాలవారు ఉత్సవముల చిత్రములను ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాములలో నుంచుదురు. పాఠములను యూట్యూబునందును, నోట్సులను టెలిగ్రామునందును పెట్టుదురు. ఫీజులు, పరీక్షలు, సెలవులు, ఉపకారవేతనముల సంగతులు వాట్సాపులో తెలుపుదురు. మొదటివి చూడకున్నను నష్టము లేదు. చివరిది చూడనిచో ఏడాది పోవచ్చును. కావున దానినిగూర్చియే నేను ముఖ్యముగా చెప్పెదను.

ఈ సాధనమువలని మేలును మరువరాదు. గంభీరావుపేటనుండియో ముస్తాబాదునుండియో వచ్చు బాలిక పరీక్షల పట్టిక చూచుటకై బస్సెక్కి రానక్కరలేదు. భివండిలో సాంచెలు నడుపు తండ్రియు, గల్ఫులో కూలిచేయు అన్నయు బిడ్డ మార్కుల కాగితము నదే దినమున చూడగలుగుచున్నారు. మన పొరుగున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2025 జనవరిలో మన మిత్ర అను వాట్సాపు సేవ నారంభించి, ఇంటర్మీడియట్ విద్యార్థులు తమ హాలుటిక్కెట్లను దానినుండియే తీసికొనునట్లు చేసెను. అందు విద్యార్థి యడుగును. వానికి కావలసినది వానికే వచ్చును. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు. దీనితో మరల పని గలదు.

ఇక మా పేటలో జరిగిన యొక సంగతి మనవి చేసెదను. కళాశాల పేరుతో మనకు పని లేదు. తండ్రి రాత్రిపాళి సాంచెలపై పనిచేయును. తల్లి బీడీలు చుట్టును. కుమార్తె డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. ఇంటికంతటికి మంచి ఫోను ఒక్కటే. అది రాత్రి తండ్రి జేబులో నుండును; సాంచెల చప్పుడులో మ్రోగినను వినబడదు. ఒకనాటి రాత్రి 9 గంటలకు, ఉపకారవేతనము పునరుద్ధరణకు ఈ-పాస్ కాగితములు మరునాటి మధ్యాహ్నములోగా నీయవలెనని కళాశాల గ్రూపులో నొక ప్రకటన వచ్చెను. దానివెనుక ఆటలపోటీల చిత్రములు, జన్మదిన శుభాకాంక్షలు, పూలగుత్తులు వరుసగా వచ్చెను. ఉదయమున తండ్రి వచ్చి ఫోను తలక్రింద పెట్టుకొని నిద్రించెను. ఆ బాలిక ప్రకటన చూచునప్పటికి మూడవదినము. కార్యాలయములో గుమాస్తా “గ్రూపులో పెట్టితిమి గదా!” యనెను. ఆ తండ్రి చేతులు కట్టుకొని “పెట్టిన్రు సారూ, మాకు ముట్టలే” యనెను. ఆ యేడు ఉపకారవేతనము రాలేదు. ఫీజునకు చేబదులు తేవలసివచ్చెను. చదువు మాన్పింతమను మాటయు ఆ యింట పుట్టెను.

పెట్టుట వేరు, ముట్టుట వేరు అని ఆ నేతకార్మికుడు రెండు మాటలలో చెప్పెను. ఆ భేదమునే మన శాస్త్రకారులు మరియొక రీతిగా విచారించిరి. తర్కసంగ్రహము రచించిన అన్నంభట్టు తెలుగువాడు. వాక్యార్థము బోధపడుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును వలయుననియు, శబ్దము ప్రమాణమగుటకు పలికినవాడు ఆప్తుడు, అనగా యథార్థము పలుకువాడు, కావలయుననియు ఆ గ్రంథము బాలురకు నేర్పుచున్నది. శాస్త్రార్థమును కొంత విస్తరించి యీ ఫోను కబురులకు అన్వయించెదను, పండితులు మన్నింతురుగాక.

ఆకాంక్ష యనగా నొక పదము పూర్ణార్థమునకై మరియొక పదమును కోరుట. “రేపటిలోగా సమర్పింపుడు” అను ప్రకటనలో ఎవరు, ఏమి, ఎక్కడ, ఎవరికి అను ఆకాంక్షలు తీరవు. మొదటి సంవత్సరమువారా, తుది సంవత్సరమువారా? అసలు పత్రములా, నకళ్ళా? ప్రతి ప్రకటనయు తనంతట తాను పూర్ణముగా నుండవలెను.

యోగ్యత యనగా అర్థమునకు బాధ లేకుండుట. నిప్పుతో తడుపుమనుట అయోగ్య వాక్యమునకు ప్రసిద్ధోదాహరణము. గ్రూపులో నొక తేదీ, పలకపై మరియొక తేదీ యుండిన నదియు అట్టిదే. రాత్రి తెలిపి, ఉదయమునకు అచ్చుప్రతి తెమ్మనుటయు అట్టిదే. మన గూడెములలో ఆ వేళ ముద్రణయంత్ర మెక్కడ నుండును? ఆంగ్లమున సంక్షిప్తాక్షరములతో వ్రాసిన యుత్తరువు తెలుగు మాత్రమే చదువగల తండ్రికి ముట్టినదని యెట్లనగలము? ఉపకారవేతనము, ఫీజు, పరీక్ష యను మూడింటి సంగతి తెలుగున గూడ నుండితీరవలెను.

సన్నిధి యనగా పదములను విలంబము లేక వెంటవెంట నుచ్చరించుట. గోవును అని యుదయమున పలికి, తెమ్ము అని సాయంకాలమున పలికినచో వాక్యము కాదు. ఉదయమున ప్రకటన, మధ్యాహ్నము దాని సవరణ, రాత్రి దాని దరఖాస్తు, నడుమ నూరు శుభాకాంక్షలు వచ్చినచో నదియు వాక్యము కాదు. ప్రకటనల గ్రూపు వేరుగా, ముచ్చట్ల గ్రూపు వేరుగా నుండుట దీనికి సులభమైన చికిత్స.

ఇక ఆప్తుని మాట. పరీక్షలు వాయిదా పడినవనియు, సెలవు ప్రకటింపబడినదనియు దొంగ సర్క్యులర్లు ముద్రలతో సహా పుట్టుచున్నవి. పుకారుల వ్యాప్తికి అడ్డుకట్టగా 2018లో వాట్సాపువారు మన దేశమున నొక సందేశమును ఒకమారు అయిదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. అయినను అబద్ధమునకు అయిదుచోట్లును చాలును. కావున అసలు ప్రకటన కళాశాల వెబ్‌సైటులోను, పలకపైనను, సంఖ్యయు తేదీయు సంతకమును గలిగి యుండవలెను. గ్రూపులో వచ్చునది దానికి నకలు కావలెను గాని, అదియే మూలము కారాదు.

వక్తనుగూర్చి యింత చెప్పి శ్రోతను మరచిన ప్రయోజనము లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను మొబైలు ఫోను గలవారు నూటికి 54 మందియే. పిమ్మట ఈ సంఖ్య పెరిగి యుండవచ్చును. అయినను అన్న చేతిలోని ఫోనుకు వచ్చిన కబురు చెల్లెలికి చేరినట్లు లెక్కించుట న్యాయము కాదు. నీలిగీతలు పడుట చూచితిరనుటకు గుర్తు. తెలిసినదనుటకు గుర్తు కాదు. మరియు 2018నుండి అడ్మినులు మాత్రమే వ్రాయు గ్రూపుల నేర్పరచుకొను వీలు కలిగెను. దానివలన గోల తగ్గినది, నిజమే. కాని విద్యార్థికి ప్రశ్నించు త్రోవయు మూసికొనిపోయినది. మన మిత్రలో అడిగినవానికి బదులున్నది; మన గ్రూపులలో ఆజ్ఞ యున్నది గాని బదులు లేదు. ప్రశ్నకు తావులేని చోట గురుశిష్య సంబంధ ముండదు.

మానమర్యాదల సంగతియు గలదు. ఫీజు చెల్లింపనివారి పట్టికను నూర్లకొలది మందియున్న గ్రూపులో పెట్టుట పేదవానిని నడిబజారున నిలువబెట్టుటయే. ఆ గ్రూపులో ఆడపిల్లల ఫోను సంఖ్యలు అందరికిని కనబడుటయు చింతింపదగినది. 2025లో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు, పెద్ద తరగతులవారు వాట్సాపు గ్రూపు లేర్పరచి క్రొత్తవారిని వేధించుటయు ర్యాగింగే యని హెచ్చరించి, అట్టివానిని కనిపెట్టుచుండుడని విద్యాసంస్థల నాదేశించిరి. వ్యక్తిగత వివరముల రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసెను. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి విడతలుగా అమలునకు వచ్చుచున్నవి. 18 ఏండ్లు నిండనివారి వివరములకు సామాన్యముగా తలిదండ్రుల యనుమతి వలయునని ఆ చట్టము చెప్పుచున్నది. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులు గలవు. ఇంటర్మీడియట్ చదువు మన పిల్లలలో నధికులు ఆ వయస్సువారే యని యెరుగుడు.

ఇందుకు వ్యతిరేకమైన యత్యుత్సాహమునకు నొక యుదాహరణము గలదు. 2019 జులైలో కేంద్ర మానవవనరుల శాఖవారు ప్రతి యున్నత విద్యాసంస్థయందు సామాజిక మాధ్యమములకై నొక బాధ్యుని నియమించి, విద్యార్థుల ఖాతాలను సంస్థ ఖాతాతోను శాఖ ఖాతాతోను జోడింపుడని లేఖ వ్రాసిరి. విద్యార్థుల స్వంత మాటలపై నిఘా యగునని విమర్శలు రాగా, విద్యార్థులకు ఇది నిర్బంధము కాదని వివరణ యిచ్చిరి. విద్యార్థికి కబురు పంపు హక్కు కళాశాల కున్నది. వాని యింటి కిటికీలోనుండి తొంగిచూచు హక్కు లేదు.

కావున కళాశాలలవారికి నా విన్నపము లివి. ఏడాది భవిష్యత్తు దేనిపై నాధారపడి యున్నదో అట్టి ప్రకటనను గ్రూపుతోపాటు పలకపై నంటించి, తరగతిలో చదివి వినిపింపవలెను. గడువునకు ఏడు దినములైనను ముందుగా తెలుపవలెను. మంచి ఫోను లేనివారి పట్టిక తరగతి యధ్యాపకునివద్ద నుండి, వారికి నోటితోనో సాధారణ ఫోనుతోనో తెలియజేయవలెను. రాత్రి పంపిన కబురునకు మరునాడే గడువు పెట్టరాదు. బాకీదారుల పేరులు గ్రూపులలో పెట్టరాదు. వీనిలో దేనికిని పెద్ద ధనము వ్యయము కాదు.

తలిదండ్రులారా, ప్రతిదినము అర్ధగంట ఫోనును బిడ్డ చేతికిండు. అది ఆడబిడ్డ యైనను ఇండు. విద్యార్థులారా, గ్రూపులో రాలేదని యూరకుండక వారమునకొకమారు పలక చూడుడు, కార్యాలయమున నడుగుడు.

మన సంఘమువారికిని ఒక్క మాట. మనము మహాసభలకు పందిళ్ళు వేయుచున్నాము, సంచికలు అచ్చువేయించుచున్నాము. ప్రతి శాఖయందును సంఘభవనమున నొక పలక పెట్టి, చదువుకొన్న యిద్దరు యువకులకును ఇద్దరు యువతులకును భారమొప్పగించి, ఉపకారవేతనముల, ప్రవేశముల, పరీక్షారుసుముల గడువులను తెలుగున వ్రాయింపవలెనని ప్రతిపాదించుచున్నాను. పాళి దిగి ఇంటికి పోవు తండ్రి ఆ పలక ముందు నిలిచి బిడ్డ తరగతి గడువును చదువుకొనగలుగును. చదువరాని తల్లికి ఆ యువతులు చదివి వినిపింతురు. తీర్మానమునకు అధ్యక్షులు అనుమతింతురని యాశించుచు, మన బిడ్డలలో నొక్కరికైనను కబురు ముట్టక చదువు ఆగకుండుగాక యని కోరుచు విరమించుచున్నాను.