గల్ఫ్ డబ్బు, ఇంటి సంతోషం
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

మన వెలిగండ్ల మెట్ట ప్రాంతం. వాన తప్పితే పనుల్లేవు, బోరు నీళ్లలో ఫ్లోరైడు. అందుకే కొందరు హైదరాబాదు, బెంగళూరు పోయారు, కొందరు గల్ఫ్ దాకా పోయారు. 2022లో ప్రవాసులు మన దేశానికి పంపిన సొమ్ము 10 వేల కోట్ల డాలర్లు దాటింది. అందులో మన వీధులకు చేరిన నాలుగు రూపాయలు సంతోషం తెచ్చాయా?

తెచ్చాయి, కాదనం. మంచినీళ్ల క్యాను కొంటున్నారు, రేకుల ఇంటికి స్లాబు పడింది. అయితే బడిలో ఉండేవాళ్లం కనుక మేము ఇంకొకటి కూడా చూస్తున్నాం. మొదట్లో వచ్చే డబ్బు వీసా కోసం చేసిన అప్పుకు, దాని వడ్డీకే పోతుంది. ఊళ్లో మాత్రం "వాళ్లకేం, కువైట్ డబ్బు" అంటారు. ఆ మాటకు వెరచి ఆ ఇల్లాలు పిల్లవాడి ఫీజుకు గడువు కూడా అడగదు. మార్కుల కార్డు మీద నానీ వేలిముద్ర ఉంటుంది. ఫోనులో తండ్రి "డబ్బు అందిందా?" అంటాడు, వీడు "అందింది" అంటాడు. చదువు మాట రాకుండానే ఫోను పెట్టేస్తారు.

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో చిక్కినవారూ ఉన్నారు. ఈ ఏడు జాబితా రాసేటప్పుడు 'గల్ఫ్ ఇల్లు' అని ఎవరి పేరూ కొట్టేయకండి. నోరు తెరిచి అడగలేని ఆ ఇళ్లకు మేమే వెళ్లి, అప్పు వివరాలు గుట్టుగా తెచ్చి కమిటీకి ఇస్తాం.