మానినవాడికి మజ్జిగ ఇవ్వండి

బరంపురం, గంజాం చేనేత కుటుంబాలందరికీ ఈ మాట.

మేము ఎనిమిదో తరగతి చదివినోళ్లం, డాక్టర్లం కాము. మేము పడ్డదే చెప్తాం.

తాగుడు మానిన మొదటి నెలంతా కడుపులో మంట, ఉబ్బరం, పుల్లటి తేన్పులు. "తాగినప్పుడే బాగున్నావు, కాస్త పుచ్చుకో" అన్నారు తోటివాళ్లు. సీసా దాకా వెళ్లాం కూడా. ఇంటావిడ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. "ఇది మానినందుకు వచ్చింది కాదు, తాగినన్నాళ్లూ కడుపు లోపలి పొర దెబ్బతింది. తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది" అన్నారు డాక్టరుగారు. నడుంనొప్పికి పరగడుపున మింగే మాత్రలూ పుండు చేస్తాయట.

మనది గుంటమగ్గం. తిన్న వెంటనే వంగి కూర్చుంటే పులుపు పైకి తంతుంది. కొంచెం కొంచెంగా తినండి, కాసేపు నడిచి మగ్గం ఎక్కండి. కారం, టీ తగ్గించండి.

నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి, పచ్చబడ్డ కళ్లు కనబడితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. రోజూ బాగా తాగేవారు డాక్టరుని అడిగే మానండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్సు రావచ్చు.

రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. అప్పుడు మానినవాడి చేతికి గ్లాసు ఇవ్వకండి, మజ్జిగ ఇవ్వండి. తెగిన పోగు అతికేటప్పుడు ఎవరూ లాగరు కదా.