ఒక కొండ, రెండు చట్టాలు
(కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)



యూదులూ పాలస్తీనా వాళ్లూ కొట్టుకుంటే మన వాడకేంటి అని కొందరు అడుగుతున్నారు. మీరెవరి పక్షమని ఇంకొందరు నిలదీస్తున్నారు. మేం మతం చూసి పక్షం కట్టం. ఎవరి హక్కు ఎవరు తొక్కిపెట్టారో చూస్తాం.

ఐరోపాలో యూదుల్ని వందల ఏళ్లు వెలివాడల్లో పెట్టారు. ఆ వాడ పేరు ఘెట్టో. మన బతుకు గురించి రాస్తూ బాబాసాహెబ్ కూడా ఆ మాటే వాడారు. హిట్లర్ 60 లక్షల మంది యూదుల్ని చంపించాడు. తల దాచుకునే చోటు కావాలనుకోవడం వాళ్ల తప్పు కాదు. కానీ ఆ చోటు ఖాళీగా లేదు. 1948లో 7 లక్షల మందికి పైగా పాలస్తీనా వాళ్లు ఇళ్లూ పొలాలూ పోయి కాందిశీకులయ్యారు. ఐరోపా చేసిన పాపానికి వీళ్లు శిక్ష పడ్డారు.

1967 నుంచి వెస్ట్ బ్యాంక్ ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉంది. అక్కడ ఒకే కొండ మీద రెండు చట్టాలు. యూదు సెటిలర్ తప్పు చేస్తే మామూలు కోర్టు. పక్క ఊరి పాలస్తీనా కుర్రాడు రాయి విసిరితే మిలిటరీ కోర్టు. సెటిలర్‌కి ఇజ్రాయెల్ పార్లమెంటుకి ఓటుంది. తన మీద పెత్తనం చేసే ఆ సర్కారుని ఎన్నుకునే ఓటు ఆ కుర్రాడికి లేదు. పుట్టుకని బట్టి శిక్ష రాసిన మనువు మనకి కొత్తా?

2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1200 మంది చనిపోయారు. ముసలివాళ్లనీ పిల్లల్నీ చంపడం విముక్తి కాదు. దానికి బదులంటూ ఇజ్రాయెల్ గాజాని నేలమట్టం చేసింది. 2025 నాటికి అక్కడ చనిపోయినవాళ్లు 60 వేలు దాటారని గాజా ఆరోగ్యశాఖ లెక్క. దాన్ని ఆత్మరక్షణ అంటే మేం ఒప్పుకోం.

ఒక రాజ్యమా, రెండా? జోర్డాన్ నదికీ సముద్రానికీ మధ్య దాదాపు 70 లక్షల మంది యూదులు, దాదాపు అంతే మంది పాలస్తీనా వాళ్లు. ఎవరూ ఎక్కడికీ పోరు. రెండు రాజ్యాలైతే భూమీ నీళ్లూ సరిహద్దూ చేతిలో ఉన్న రాజ్యం కావాలి, కంచె వేసిన వెలివాడ కాదు. ఒకటే అయితే మనిషికో ఓటు, ప్రతి ఓటుకీ ఒకే విలువ. రేపు యూదులు లెక్కలో తక్కువైతే వాళ్ల రక్షణ కూడా రాజ్యాంగంలోనే రాయాలి. మెజారిటీ దయ మీద బతకడం ఎట్లా ఉంటదో మనకి తెలుసు. 1947లో బాబాసాహెబ్ అల్పసంఖ్యాకుల రక్షణలు రాసిచ్చింది అందుకే.

యూదులంతా ఒకటి కాదు. అరబ్ దేశాల నుంచి వచ్చిన యూదుల్ని వాళ్ల రాజ్యమే చిన్నచూపు చూసింది. 1971లో జెరూసలేంలో వాళ్ల పిల్లలు బ్లాక్ పాంథర్స్ పెట్టారు. 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టారు. ఇద్దరూ ఆ పేరు తెచ్చుకున్నది అమెరికా నల్లవాళ్ల దగ్గర్నించే. కింద ఉన్నవాళ్లు ఒకర్నొకరు గుర్తుపట్టిననాడే అక్కడ దారి దొరుకుద్ది.

చివరిగా ఒక మాట. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసింది. ఆ పనుల్లోకి మన దేశం నుంచి మేస్త్రీల్ని, కూలీల్ని తీసుకెళ్లింది. తెలంగాణలోనూ ఎంపికలు జరిగాయి. పోవద్దని మేం అనం, ఆకలేంటో మాకు తెలుసు. కానీ ఆ పని ఎవరి చేతిలోంచి లాగి మన చేతిలో పెట్టారో ప్రతి వాడలో చెప్పండి. తెలిసి పోయినవాడు అక్కడ ఎవరికీ కర్ర కాడు.

జై భీమ్!